ఎలోయిసా పెట్టించిన ఆదివారం మీటింగు

ఎలోయిసా తాపియా కోళ్ల ఫ్యాక్టరీలో రెక్కలు కోసే పనిలో చేరి నాలుగేళ్లయింది. ఆ నాలుగేళ్లలో అమెరికాలోని ఆ జార్జియా ఊళ్లో మెక్సికో వాళ్ల ఇళ్లు పది నుంచి రెండు వందలయ్యాయి. బడిలో మాత్రం స్పానిష్ తెలిసిన మనిషి ఒక్కరూ లేరు.

1996 శీతాకాలంలో ఒకరోజు, ఆ ఏడాదే మెక్సికో నుంచి తల్లి దగ్గరికి వచ్చిన ఎనిమిదేళ్ల కూతురు యెసేనియా ఇంటికొస్తూనే సంచి విసిరేసింది.

"నన్ను వేరే గదిలో కూర్చోబెట్టారమ్మా. పూసలు గుచ్చమంటున్నారు."

సొంతూళ్లో భాగహారాలు చేసిన పిల్ల! మర్నాడు ఎలోయిసా రబ్బరు బూట్లయినా విప్పకుండా ఫ్యాక్టరీ నుంచి నేరుగా బడికి వెళ్లింది. మాట అటూ ఇటూ చెప్పడానికి వచ్చీరాని ఇంగ్లీషుతో కూతురే దిక్కు. ప్రిన్సిపల్ హోల్కాంబ్ చెప్పింది విని యెసేనియా దాన్ని తల్లికి చెప్పలేదు. తలొంచుకుంది.

పిల్ల ముఖం చూశాక ఎలోయిసా అక్కడ మరి కూర్చోలేదు. మోటెల్లో గదులు శుభ్రం చేసే చోనాకు ఇంగ్లీషు వచ్చు. మరుసటి రోజు ఆమెను వెంటబెట్టుకు వచ్చింది.

"పిల్లకి బుర్ర మందమట. పరీక్ష పెట్టి తేల్చారట" అంది చోనా.

"ఏ భాషలో పెట్టారో అడుగు వదినా."

"ఇంగ్లీషులోనేనట."

"స్పానిష్‌లో పెడితే ఈవిడ కూడా పూసల గదికే పోవాలని చెప్పు."

చోనా నవ్వాపుకుంది. "కాస్త మర్యాదగా చెప్తాలే."

ఎంత మర్యాదగా చెప్పినా ప్రిన్సిపల్ ముఖం ఎర్రబడింది. "నెలనెలా మీటింగు పెడుతున్నాం. మీవాళ్లు ఒక్కరూ రారు. పిల్లల చదువు మీకు పట్టదనుకున్నాం."

"ఎన్నింటికి పెడుతున్నారు?"

"మధ్యాహ్నం రెండింటికి."

"రెండింటికి మా చేతుల్లో కత్తులుంటాయి మేడమ్. ఆదివారం ప్రార్థన అయ్యాక చర్చికి రండి. మనుషుల్ని తెచ్చే పూచీ నాది."

ఆ వారమంతా పని దిగగానే ఎలోయిసా ఇంటింటికీ తిరిగింది. కొందరు తలుపు సగమే తీశారు. "పేర్లు రాసుకుంటారేమో, ఈ దేశంలో ఉండటానికి కాగితాలు అడుగుతారేమో" అన్నారు.

"రాసుకుంటే నా పేరు రాసుకోమంటాను. మీరొచ్చి కూర్చోండి చాలు."

ఆదివారం ఎనభై మంది వచ్చారు. కుర్చీలు చాలక గోడల వెంట నిలబడ్డారు. హోల్కాంబ్ చోనాను పక్కన పెట్టుకుని ముందు కూర్చుంది. ముందుగా ఫ్యాక్టరీలో కోళ్లు వేలాడదీసే అన్సెల్మో లేచాడు.

"బడి నుంచి కాగితమొస్తే మావాడే చదివి చెప్తాడు. ప్రతిసారీ 'నన్ను మెచ్చుకున్నారు నాన్నా' అంటాడు. నిజమేనా?"

గదంతా ఘొల్లున నవ్వింది. అక్కణ్నుంచి ప్రశ్నలు ఆగలేదు. హోల్కాంబ్ ఒక్కో ప్రశ్నా రాసుకుంటూ, ఆకుల్లో ఉడికించిన మొక్కజొన్న పిండి తమాలెలు తింటూ సాయంత్రం దాకా కూర్చుంది.

మూడు వారాలకు పక్క జిల్లా నుంచి స్పానిష్ టీచరు వచ్చి మళ్లీ పరీక్షలు పెట్టింది. యెసేనియాతోపాటు మరో ఐదుగురు పిల్లలు పూసల గదిలోంచి బయటికొచ్చారు. మీటింగులు ఆదివారానికి మారాయి. బడిలో ఒక దుబాసీ ఉద్యోగం ఇమ్మని అడిగితే మాత్రం జిల్లా పెద్దలు రెండేళ్లు ఒప్పుకోలేదు. ఆ రెండేళ్లూ ఎలోయిసా చర్చి గదిలో ఇంగ్లీషు నేర్చుకుంది. ఒప్పుకున్న రోజున ఆ దుబాసీ కుర్చీలో ఆమే కూర్చుంది.