మూఢంలో కిరాయి

2024 జూలై. శ్రావణం ఇంకా రాలేదు. అఫ్జల్‌గంజ్‌లో ఎండుమిర్చి దుకాణం మీద ఉన్న నా ఆఫీసుకు మాదన్నపేట నుంచి రూతమ్మ వచ్చింది. సర్కారు దవాఖానలో ఆయాగా చేసి రిటైరైన మనిషి. మిర్చి ఘాటుకు తుమ్ముతూనే మెట్లెక్కి, కూర్చోకుండానే ఒక తాళంచెవి తీసి బల్ల మీద పెట్టింది.

"కింది రూముకు తాళం ఏసిన మేడమ్. మూడు నెలల సంది కిరాయి ఇస్తలేడు. ఇగ నోటీసు పంపుండ్రి."

మా దగ్గరికి వచ్చే ఇంటి యజమానుల్లో సగం మంది ముందు తాళం వేసి, తర్వాత లాయరు దగ్గరికి వస్తారు. ఆ కింది గదిలో ఉండేది యాదగిరి. పెళ్ళిళ్ళకు బ్యాండు మేళం నడుపుతాడు. డోళ్ళు, క్లారినెట్లు, బాకాలు అన్నీ లోపలే ఉండిపోయాయి.

"ఆ తాళం ఇవాళే తీసేయండమ్మా," అన్నాను.

"నా ఇల్లు, నా తాళం. తప్పేంది?"

ఇల్లు ఆమెదే, కానీ అద్దెకిచ్చిన గది మీద హక్కు కొంత కిరాయిదారుది కూడా. బాకీ ఉన్నాడని తాళం వేసినా, కరెంటు తీసినా, నీళ్ళు ఆపినా చట్టం ఒప్పుకోదు. కోర్టు ఆర్డరు లేకుండా ఎవర్నీ బయటికి పంపలేం. తాళం సంగతి జడ్జికి తెలిస్తే బాకీ మాట వెనక్కిపోయి, తప్పు మనదవుతుందని చెప్పాను. ఆమె నన్ను అపనమ్మకంగా చూసి తాళంచెవి తీసుకుంది.

ఆమె మీద నాకూ అంత నమ్మకం లేదు, అందుకే సాయంత్రం వెంట వెళ్ళాను. యాదగిరి గది ముందు నిలబడి ఉన్నాడు. ఆమె తాళం తీసి, పైకి వెళ్ళే మెట్ల మీద కూర్చుంది. అతను ఒక్కో డోలూ బయటికి తెచ్చి తుడిచాడు. జరీ కుట్టిన ఎర్ర కోట్లు దులిపి దండెం మీద వేశాడు. రెండుసార్లు మెట్ల వైపు చూశాడు, ఏదో అనబోయి ఊరుకున్నాడు. మొండివాడే అనుకున్నాను.

లీగల్ నోటీసు పంపితే జవాబు రాలేదు. రెంట్ కంట్రోలర్ దగ్గర ఎవిక్షన్ పిటిషన్, అంటే ఖాళీ చేయించమని దరఖాస్తు, వేశాను. రెంట్ కంట్రోలర్ అంటే కిరాయి తగాదాలు వినే జడ్జి. కిరాయి చిన్నదైతే అక్కడికి, పెద్దదైతే మామూలు సివిల్ కోర్టుకు వెళ్ళాలి. రూతమ్మ గది కిరాయి చిన్నదే.

ఇక్కడ చాలామందికి తెలియని మెలిక ఒకటుంది. కిరాయి ఇవ్వకపోతే సరిపోదు, కావాలని ఇవ్వలేదని తేలాలి. దాన్ని విల్‌ఫుల్ డిఫాల్ట్ అంటాం. అది కాదని జడ్జికి తోస్తే, బాకీ కట్టడానికి కొద్ది గడువిస్తారు. కడితే కేసు అక్కడితో సరి. యాదగిరి శ్రావణంలో నాలుగు పెళ్ళిళ్ళు వాయించి, జడ్జి ఏదీ తేల్చకముందే బాకీ మొత్తం కోర్టులో కట్టేశాడు. ఇక మాకు మిగిలింది కావాలనే ఆపాడన్న ఆ ఒక్క మాటే. అది రుజువైతే అతని గది పోతుంది. మేళం వాళ్ళు చేరే చోటూ, సామాను పెట్టుకునే చోటూ అదొక్కటే.

వాయిదాల మీద వాయిదాలు పడి, చివరికి రూతమ్మ బోను ఎక్కింది. నేను అడిగినంతసేపూ బాగానే చెప్పింది. తర్వాత అవతలి లాయరు లేచాడు. ఆయన క్రాస్ ఎగ్జామినేషన్ రెండు ప్రశ్నల్లో అయిపోయింది.

"మూఢం వచ్చిన ప్రతిసారీ కిరాయి ఆపి, ముహూర్తాలు మొదలయ్యాక మీరు ఒకేసారి తీసుకునేవారు. నిజమేనా?"

ఆ సంగతి నాకు తెలియదు. గుర్తు లేదంటే బాగుండునని ఆశపడ్డాను.

"నిజమే," అంది రూతమ్మ. "పెండ్లిళ్ళు లేకుంటే ఆయన ఏడికెల్లి తెస్తడు సారూ?"

కోర్టు హాల్లో ఎవరో నవ్వారు. కిరాయిదారు తరఫున ఇంతకంటే గట్టి వాదన నేను వినలేదు, చెప్పింది మాత్రం నా క్లయింటు.

"మరి ఈసారి కేసెందుకు వేశారు?" ఆ ప్రశ్న అడగకపోయినా ఆయన కేసు గెలిచేవాడే.

"ఏటా మూఢం పడంగనే పైకొచ్చి చెప్పేటోడు. అక్కా, మూఢమొచ్చింది, జర ఆగు అని. ఈసారి చెప్పలే. మూడు నెలలు నా మెట్ల ముంగటికెల్లే తిరిగిండు, ఒక్క మాట లేదు. నేనేం గోడనా?"

నాకు కోపం వచ్చింది. ఇంత కేసూ పలకరింపు కోసమా అని వరండాలోకి వచ్చాక గట్టిగానే అడిగాను. ఆమె వినడం లేదు. యాదగిరి తల వంచుకుని ఎదురొచ్చాడు.

"ఎప్పుడూ నెలా రెండు నెలలే అక్కా. ఈసారి మూఢం, ఆషాఢం కలిసి మూడు దాటినయి. ఏ మొఖం పెట్టుకోని ఎక్కాలె మెట్లు?"

"గా ముక్క అప్పుడే చెప్తే అయిపోవు గదా!" అని కసిరి, ఆమె కళ్ళు తుడుచుకుంది. నా కోపం అక్కడితో పోయింది.

ఏళ్ళుగా మీరే ఒప్పుకున్న పద్ధతి ఇది, దీన్ని విల్‌ఫుల్ డిఫాల్ట్ అనలేమని జడ్జి పిటిషన్ కొట్టేశారు. తీర్పు న్యాయంగానే ఉంది. అప్పీలుకు వెళ్ళవచ్చని నా బాధ్యతగా చెప్పాను. రూతమ్మ వద్దంది.

ఎన్ని నెలలు ఇవ్వలేదన్నది చట్టానికి ముఖ్యమే, అది ఇప్పటికీ మొదటే అడుగుతాను. దాని తర్వాత ఇంకోటి కూడా అడుగుతున్నాను: ఇవ్వలేనప్పుడు వచ్చి మీతో ఏమన్నా చెప్పేవాడా? కావాలని చేశాడా లేదా అన్నది చాలాసార్లు ఆ జవాబులోనే ఉంటోంది. కొందరు ఆ ప్రశ్నకే ఆగిపోయి, నోటీసు సంగతి రేపు చూద్దాం మేడమ్ అని లేచి వెళ్ళిపోతారు. నా ఫీజు పోతుంది, అది వేరే సంగతి.

మొన్న మళ్ళీ మూఢం పడింది. రూతమ్మ ఫోన్ చేసింది.

"మేడమ్, యాదగిరి ఇయ్యాల పైకొచ్చిండు."

"కిరాయి ఇచ్చాడా?"

"ఏడికెల్లి ఇస్తడు? వచ్చి చెప్పిండంటున్న గదా!"