గాలి సారు ఎత్తిన వేలు

మా గుట్ట మీద గాలిమరలు పెట్టొచ్చో లేదో గాలి కొలిచి చూడడానికి వచ్చినాయన్ని ఊరంతా గాలి సారు అనేది. ఎవరు ఏం చెబుతున్నా వేలెత్తి ఆపి, తాను పాతించిన స్తంభం మీద గాలికి తిరిగే కొలత గిన్నెల వైపు చూసేవాడు. ఆయన సగంలో ఆపిన నా మాటల్లో ఒక్కటి కూడా నేను మరిచిపోలేదు.

స్తంభం పక్కనే మా ఇప్పచెట్టు ఉండేది. దానికి తగిలి గాలి సుడులు తిరుగుతోందని, కొలత తప్పు వస్తోందని, చెట్టు కొట్టేయాలన్నాడు.

"సారూ, ఎండాకాలం మా అమ్మ గీ చెట్టు కిందనే పువ్వు ఏరుకుంటది. మీ స్తంభమే జర అవతల పాతుకోరాదా? మా అమ్మకు..."

వేలు లేచింది. "ఆగమ్మా, గాలి మారింది."

మా అన్న ఒప్పుకున్నాడట. నేను చేను నుంచి వచ్చేసరికి చెట్టు నేల మీద ఉంది. అప్పటి నుంచి అమ్మ పువ్వు కోసం అడవి లోపలికి పోతోంది.

మరుసటి ఎండాకాలం గాలి సారు స్తంభం విప్పించి, "ఇక్కడ గాలి చాలదమ్మా" అన్నాడు. నీడ కోసం చుట్టూ చూసి, చివరికి ఆ చెట్టు మొద్దు మీదే కూర్చున్నాడు.

"మరి మా చెట్టు సంగతేంది సారూ?"

వేలెత్తాడు. స్తంభం ముక్కలుగా ఆయన కాళ్ల దగ్గరే పడి ఉంది. చూడడానికి పైన ఏమీ లేదు. అయినా ఆ వేలు దించలేదు.