మేనత్త తాగని నీళ్లు

మొన్న మా చంపాపేట్ అపార్ట్‌మెంట్‌లో మోటరు వేసినాయన ఎటో పోయాడు. ట్యాంకు నిండి పొర్లి, నీళ్లు గోడ మీది నుంచి జారి, పార్కింగ్ దాటి రోడ్డెక్కాయి. వాచ్‌మన్ దగ్గర నిలబడి నేను నోటికొచ్చినట్టు తిడుతుంటే మా ఆయన "పోనీలే, నీళ్లే కదా" అన్నాడు. ఆ పూటంతా ఆయనతో మాట్లాడలేదు. మా మేనత్తను చూసిన మనిషి అనే మాటేనా అది?

నాన్నకు అక్క ఆమె. సాగర్ రోడ్డు నుంచి లోపలికి ఉండే నల్లగొండ జిల్లా పల్లెకు ఇచ్చారు. పెళ్లినాడు పీటల మీద పెళ్లికొడుకు కంటే పొడుగ్గా కనిపించిందని మా నానమ్మ చెప్పేది. నాకు తెలిసిన అత్త మాత్రం నడుము దగ్గర విరిచిపెట్టినట్టు వంగి నడిచేది. మెడ తిరిగేది కాదు. పక్కన ఉన్న మనిషిని చూడాలంటే ఒళ్లంతా తిప్పాలి. ఆ ఊరి బోరింగు నీళ్లలో ఫ్లోరైడ్. అది తాగి తాగి ఎముకలు గట్టిపడి వంకర పోతాయి, పిల్లల కాళ్లు దొడ్డికాళ్లవుతాయి. అందుకని చుట్టుపక్కల ఎవరూ ఆ ఊరికి పిల్లనిచ్చేవాళ్లు కాదు. ఆస్తి, కులం, గుణం అన్నీ కుదిరాక "నీళ్లు ఎట్లున్నయ్?" అని అడిగేవాళ్లు. తన కొడుక్కి, అంటే మా బావకు, నన్ను చేసుకుంటానని అత్త అడిగితే సొంత అక్కకే నాన్న కుదరదన్నాడు. అత్తకు కోపం రాలేదు. "మంచి పని జేసినవ్ తమ్మీ, నేనైతే నా బిడ్డను అస్సలియ్యకపోదు" అందట.

సర్కారు ఏమీ చేయలేదంటే పాపం. ఒకసారి జీపులో వచ్చి నీళ్లు సీసాలో పట్టుకుపోయి, మళ్లీ వచ్చి బోరింగుకు ఎర్రరంగు పూశారు. ఎరుపంటే తాగొద్దని. ఏవి తాగాలో చెప్పే రంగు మాత్రం వాళ్ల డబ్బాలో లేదు. ఇంకోసారి నీళ్లు వడగట్టే షెడ్డు కట్టారు. దాంట్లో వేసే మందు అయిపోయాక మళ్లీ ఎవరూ రాలేదు, మేకలు మాత్రం వానకు తడవకుండా సుఖపడ్డాయి. పింఛను క్యాంపులో డాక్టరు అత్తను "నిటారుగా నిలబడమ్మా, ఎత్తు చూడాలి" అన్నాడు. "గట్ల నిలవడొస్తే నీ తానకెందుకొస్త సారూ?" అందట అత్త. ఇవన్నీ జరుగుతుండగానే పెద్ద పైపులు వచ్చాయి. కృష్ణా నీళ్లు ఆ ఊరి పొలాల పక్కనుంచే, ఒక్క నల్లా కూడా ఇవ్వకుండా, హైదరాబాదుకు పోయాయి.

తెలంగాణ ఉద్యమం ఊపందుకున్న రోజుల్లో బావకు ఆడపిల్ల పుట్టింది. ఆ పిల్ల నోట్లో బోరింగు నీళ్లు చుక్క పడొద్దని అత్త పట్టుబట్టింది. బావ ఆర్టీసీలో డ్రైవరు, ఆ రూట్లోనే బండి. నేనప్పుడు ఎల్బీనగర్‌లో కిరాయికి ఉండేదాన్ని. చౌరస్తాలో బస్సు ఆగినప్పుడు మా ఇంటి నల్లా నీళ్ల క్యాన్ ఇస్తే, సీటు కింద పెట్టుకుని ఊరికి తీసుకుపోయేవాడు. మా ఓనరమ్మ గుంటూరు వైపు మనిషి. "ఊరికి నీళ్లు మోసుకెళ్లడమేంటండీ, విడ్డూరం కాకపోతే!" అని మొదట్లో నవ్వింది. సంగతి తెలిశాక తనే కాచి చల్లార్చి క్యాన్ నింపి పెట్టేది. అందులో అత్త గుక్కెడు కూడా తాగేది కాదు. "వంగేదంత వంగిన. నాకెందుకే కోడలా, పిల్లకుండనియ్" అనేది.

సకల జనుల సమ్మె మొదలై బస్సులు ఆగిపోయాయి. బావ కూడా సమ్మెలో దిగాడు. మా నీళ్లు మాకు కావాలని డిపో ముందు టెంటులో కూర్చుని గొంతు పోయేలా అరిచేవాడు. క్యాన్ నా వంటింట్లో నిండుగా ఉండిపోయింది. అత్త ఆగే మనిషి కాదు. పొలాల దగ్గర పెద్ద పైపు వాల్వు కారుతుంటే, ఆ నీళ్లు పట్టడానికి బిందె పట్టుకుని పోయింది. అక్కడ పాకుడు మీద జారి పడింది. తుంటి విరిగింది.

ఎవరిదో జీపులో అత్తను వేసుకుని హైదరాబాదుకు వస్తుంటే సాగర్ రోడ్డు మీద వంటావార్పు నడుస్తోంది. రోడ్డుకు అడ్డంగా పొయ్యిలు, గుండిగలు, అన్నం ఉడుకుతోంది. ఒకాయన జీపులోకి తొంగిచూసి చేతులు జోడించాడు. "అమ్మా, గీ కొట్లాట నీసొంటోళ్ల కోసమేనే!"

"అయితే జర తొవ్వియ్యుండ్రి నాయనా" అంది అత్త.

పొయ్యిలు జరిపి దారిచ్చారు. దవాఖానలో మాత్రం ఆ ఎముకకు స్క్రూ ఆగదన్నారు, సుద్దముక్కలా పొడి అయిపోతుందన్నారు. మా ఇంటికే తెచ్చుకున్నాం. వెల్లకిలా పడుకోలేకపోయేది కనుక గోడ వైపు తిరిగి ముడుచుకుని ఉండేది. నేను గ్లాసుతో నీళ్లు పట్టిస్తే ఒక గుక్క మింగి, నోట్లో కాసేపు ఆడించి, "గివేనా? సప్పగున్నయ్ గదనే" అంది. నేను నవ్వాను, తర్వాత వంటింట్లోకి పోయి ఏడ్చాను. బావ టెంటు నుంచి వచ్చి కాళ్ల దగ్గర కూర్చుంటే, "నీ బిడ్డను ఈడికి తెచ్చుకో. ఇగ ఆ ఊరు వద్దు" అని ఒకటే మాట. ఆ మాట ఇప్పించుకున్నాక ఎక్కువ రోజులు లేదు. సమ్మె ముగియక ముందే పోయింది.

బావ హయత్‌నగర్‌లో ఒక గది తీసుకుని భార్యనూ బిడ్డనూ తెచ్చుకున్నాడు. రాష్ట్రం వచ్చింది. ఆ ఊరికి నల్లాలూ వచ్చాయి. బావ కూతురు ఇప్పుడు దిల్‌సుఖ్‌నగర్‌లో కాలేజీకి పోతుంది, వాళ్ల నానమ్మ పెళ్లినాటి పొడుగు వచ్చింది, కాళ్లు చక్కగా ఉన్నాయి. పోయిన నెల మా ఇంట్లో పాత ఫోటోలు తిరగేస్తూ ఒకటి నా ముందుకు జరిపింది. ఎవరిదో పెళ్లి, పందిట్లో అత్త.

"చిన్నమ్మా, నానమ్మ కింద ఏం దేవులాడుతుంది?"

నాకు ఒళ్లు మండింది. తిట్టబోయి ఆగాను. వంగిన మనిషిని చూసిన గుర్తే లేని పిల్ల అట్లాగే అడుగుతుంది. ఆ పిల్ల ఇది తెలియకుండా పెరగాలనే కదా అత్త పోయింది. ఏదో పోగొట్టుకుందిలే అన్నాను. ఇంకొన్నేళ్లు పోతే ఆ ఫోటోలో మనిషి ఎందుకు వంగి ఉందో చెప్పేవాళ్లు కూడా ఉండరు.