మూడో నాటి తొక్కు

నర్సింగమ్మ పొద్దున్నుంచి ఎన్నిసార్లు వాకిట్లోకి వచ్చి లోపలికి పోయిందో లెక్కలేదు. చీపురు పట్టుకుంటుంది, ఊడ్చిన చోటే ఊడుస్తుంది. పొయ్యి మీద చాయ్ పొంగి మంట ఆరిపోయినా చూసుకోలేదు. ఆమె కళ్ళన్నీ వీధి చివర బీరమ్మ ఇంటి మీదే ఉన్నాయి. ఆ ఇంటి ముందు ట్రాలీ ఆటో ఆగి ఉంది. గొంగళ్ళు, గిన్నెలు, జొన్నపిండి సంచి ఒక్కొక్కటే ఎక్కుతున్నాయి. మామిడికాయ తొక్కు జాడీ మాత్రం ఇంకా ఎక్కలేదు.

"ఏమైందే నీకు? కూసోవు, నిలవడవు," అన్నాడు ఆమె భర్త భిక్షం మంచం మీద నుంచి.

"ఏం కాలే. చాయ్ పొంగింది, ఇంకోటి పెడ్త."

పెట్టలేదు. మళ్ళీ వాకిట్లోకే వచ్చింది.

చిట్యాల పక్కనున్న ఆ ఊళ్ళో మామిడికాయలు ముదిరి టెంక పట్టాయంటే నర్సింగమ్మకు ఇంట్లో కాలు నిలవదు. ముప్పై ఏళ్ళుగా ఆ వాడలో ఎవరి తొక్కుకైనా ఆమె చెయ్యి పడాల్సిందే. కాయలు ఎవరివి వాళ్ళు కొట్టుకుంటారు, కొత్త కారం పట్టించుకుంటారు, మెంతులు వేయించుకుంటారు, ఎల్లిగడ్డ వలుచుకుంటారు. కలపడం మాత్రం ఆమె పని. ఆ చెయ్యి పడిన జాడీకి ఏడాదంతా బూజు రాదని వాళ్ళ నమ్మకం. దానికో మర్యాద కూడా ఉంది. కలిపిన రోజు ముందుగా ముక్క నోట్లో వేసుకునేది ఆమే. ఆమె తల ఊపితేనే తొక్కు జాడీకి ఎత్తి, మూతికి గుడ్డ కడతారు. మూడో నాడు విప్పి ఇంటివాళ్ళే తిరగకలిపి నూనె పోసుకుంటారు. ఈలోగా ఇంకెవరూ వేలు పెట్టకూడదు. ఉప్పు సరిపోయిందా అని ఆమెను అడిగితే అవమానించినట్టే. ఆమెకు కొలతలు లేవు. ఉప్పు దోసిలితో వేస్తుంది, నాలుకతో సరిచూస్తుంది.

ఆ నాలుకకే ఉప్పు తెలియకుండా పోయింది.

కరోనా రెండోసారి వచ్చినప్పుడు, తొక్కులన్నీ అయిపోయాక, ఆమె పదిహేను రోజులు మంచాన పడింది. లేచాక కొన్నాళ్ళకు వాసన తిరిగొచ్చింది. పులుపు వచ్చింది, తీపి వచ్చింది. ఉప్పు రాలేదు. నల్గొండలో చూపించుకుంటే, "వస్తదమ్మా, జర ఓపిక పట్టాలె," అన్నాడు డాక్టరు. పట్టింది. కూరలకు చెంచా లెక్క పెట్టుకుంది. భిక్షానికి బీపీ ఉండడం కూడా కలిసొచ్చింది. ఉప్పు తక్కువైన కూర పెడితే, అది తన ఆరోగ్యం కోసమేనని మురిసిపోయి తినేవాడు పిచ్చి మనిషి. ఆమె ఎవరికీ చెప్పలేదు. చెప్తే ఏమవుతుంది? ఎవరూ తిట్టరు, పిలవడం మానేస్తారు, అంతే. ఆ అంతే అన్నదానికే ఆమె భయమంతా. ఎండాకాలమొస్తే పది ఇళ్ళవాళ్ళు పిలిచే మనిషి, ఎవరూ పిలవని గడపలో ఎలా కూర్చుంటుంది?

అందుకే ఈ ఏడు కూడా పిలిచిన ప్రతి ఇంటికీ పోయింది. దోసిళ్ళు లెక్కపెట్టుకుంటూ, చేతి అలవాటును నమ్ముకుని నెట్టుకొచ్చింది. మొన్న బీరమ్మ ఇంట్లోనే దెబ్బతింది. అరవై కాయల ముక్కలు పెద్ద బేసిన్‌లో పోసి ఉప్పు వేస్తుండగా, మందలోంచి తప్పించుకున్న గొర్రెపిల్ల ఒకటి వచ్చి మూతి పెట్టబోయింది. అందరూ అరిచారు, తరిమారు. తిరిగి బేసిన్ వైపు చూసేసరికి ఎన్ని దోసిళ్ళు వేసిందో గుర్తులేదు. ముక్క నోట్లో వేసుకుంది. పులుపు తెలిసింది, కారం నషాళానికి అంటింది. ఉప్పు ఉందో లేదో దేవుడికెరుక. చుట్టూ ఉన్నవాళ్ళు ఆమె ముఖంలోకే చూస్తున్నారు. నర్సింగమ్మ తల ఊపింది.

అప్పటినుంచి ఆమెకు తిండి లేదు, నిద్ర లేదు. ఇంకో ఇల్లయితే తొక్కు పాడైతే తిట్టుకుని చారుతో గడుపుకుంటారు. బీరమ్మ వాళ్ళ సంగతి వేరు. ఊళ్ళో మేత అయిపోయింది. భార్యాభర్తలిద్దరూ గొర్రెలను తోలుకుని నందికొండ దిక్కు, కృష్ణ ఒడ్డుకు పోతున్నారు. వానలు పడేదాకా చెట్ల కిందే బతుకు. రెండు పూటలా జొన్నరొట్టె, తొక్కు. కూర వండుకునే తీరిక ఉండదు. జాడీకి బూజు పడితే ఉత్త రొట్టె మింగాలి. తన పరువు కోసం వాళ్ళ నోటి దగ్గర కూడు పాడుచేస్తున్నానా అన్నదే ఆమె బాధ.

ట్రాలీ అతను హారన్ కొట్టాడు. నర్సింగమ్మ చీపురు అక్కడే పడేసి నడిచింది. సగం దూరం పోయి వెనక్కి తిరిగింది. తనను తాను తిట్టుకుని మళ్ళీ ముందుకే పోయింది. చెప్పేయాలి. పరువు పోతే పోయింది.

బీరమ్మ వంటింట్లో కింద కూర్చుని ఉంది. ముందర గుడ్డ విప్పిన జాడీ, పక్కన ఉప్పు డబ్బా. పిడికిట్లో ఉప్పు. నర్సింగమ్మను చూడగానే ఆ పిడికిలి కొంగు చాటుకు పోయింది.

"బీరమ్మా, నీకొక మాట చెప్పాలె..." అని మొదలుపెట్టిన నర్సింగమ్మ డబ్బాను చూసి ఆగిపోయింది. "అంటే, నీకు ఎరుకేనా?"

బీరమ్మ తల వంచుకుంది. "సద్దుల బతుకమ్మ నాడు నువ్వు తెచ్చిన పులిహోరల ఉప్పే లేకుండె పెద్దమ్మా. గప్పుడే సమజైంది."

"ఇంకెవరికి ఎరుక?"

"అందరికీ ఎరుకే. మూడో నాడు తిరగకలిపేటప్పుడు ఎవరింట్ల వాళ్ళే ఉప్పు సూసుకుంటున్నరు. నీకు చెప్పొద్దనుకున్నం."

నర్సింగమ్మకు ఒళ్ళు మండిపోయింది. ఏడాదిగా తాను వాడ దగ్గర దాస్తున్నాననుకుంటే, వాడంతా కలిసి తన దగ్గరే దాచింది. "మరి నన్నెందుకు పిలిచిన్రే? నవ్వుకుందామనా?" అంది. అంతలోనే గుమ్మం వైపు తిరిగింది.

"గట్లనకు," అంటూ బీరమ్మ లేచి ఆమె చెయ్యి పట్టుకుంది. "ఉప్పు వేసుడు మాకు రాదా? మా అత్త సచ్చిపోయిన యేడు, నువ్వు జరంతోని గూడ వచ్చి కలిపి పోయినవు. నువ్వు రాకుండ మేమెట్ల కలుపుకుంటం పెద్దమ్మా?"

బయట హారన్ మళ్ళీ మోగింది. నర్సింగమ్మ కళ్ళు తుడుచుకుంది. చెయ్యి కడిగి, కొంగుతో తడి లేకుండా ఒత్తుకుని జాడీ ముందు కూర్చుంది. అడుగు నుంచి పైకి కలిపి ఒక ముక్క తీసింది. అలవాటుగా తన నోటి దాకా వచ్చిన చెయ్యి ఆగింది. ఆ ముక్కను బీరమ్మ నోటికి అందించింది.

బీరమ్మ నమిలి, భయపడుతూనే అంది, "జర తక్కువుంది పెద్దమ్మా."

ముప్పై ఏళ్ళలో ఆ మాట నర్సింగమ్మ ముఖం మీద ఎవరూ అనలేదు.

"ఎంత?"

"ఒక పిడికెడు."

"నీ పిడికెడా, నా పిడికెడా?" అంది నర్సింగమ్మ, ఉప్పు డబ్బా తన వైపు లాక్కుంటూ.