ఏటీ లేదు, నేనే

మా పక్కింటి మామ్మగారు పోయారు. పొద్దున్న చర్చి నుంచి వచ్చి, మంచినీళ్ళు తాగి, కుర్చీలో వెనక్కి వాలారట. అంతే. మా ఇంటి ల్యాండ్‌లైను నుంచే వాళ్ళ బంధువులందరికీ కబురు వెళ్ళింది.

అనకాపల్లిలో మా వీధిలో నోరున్నదాన్ని నేనే. ఆవిడ గొంతు గోడ దాటేది కాదు. మా ఇద్దరికీ స్నేహం కుదిర్చింది మా కాకటీల్ పిట్ట, తలమీద తురాయి ఉండే చిన్న చిలుక.

మా ఆయన పరవాడలో డ్యూటీ దిగి వచ్చే కంపెనీ బస్సు మలుపు తిరిగేటప్పుడు, లైట్లు కిటికీలోంచి పంజరం మీద పడేవి. మాకున్నది ఒక్క గది. గుడ్డ కప్పితే పిట్ట మరీ బెదిరేది. ఓ రాత్రి కమ్మీలకేసి కొట్టుకుని రెక్క చీరుకుపోయింది, నెత్తురు. నేను ట్యూబులైటు వేసి, "ఆగవే!" అని కేకలేస్తూ పట్టుకోబోయాను. అది ఇంకా కొట్టుకుంది. ఇక బతకదేమోనని ఏడుపొచ్చింది నాకు.

కేకలు విని మామ్మగారు వచ్చారు. చెప్పులు గుమ్మం బయటే విడిచి, పెద్దలైటు ఆర్పించి, చిన్న బల్బు వేయించి, పంజరం పక్కన నేలమీద కూర్చున్నారు.

"ఏటీ లేదు, నేనే. ఈయేళ వంకాయలన్నీ పుచ్చులేనమ్మా. బెండకాయలు తెచ్చేను," అంటూ పిట్టతో బజారు కబుర్లు మొదలుపెట్టారు. నాకు నవ్వొచ్చింది. పిట్ట మాత్రం తురాయి దించి, మెల్లగా కర్ర ఎక్కింది.

"బెదిరినోళ్ళకి బుద్ధి సెప్పకూడదమ్మా. పక్కన కూకోవాల," అన్నారు నాతో.

ఆ బస్సు డ్రైవరుతో నేను ఎన్నోసార్లు పోట్లాడాను, వింటేనా. ఆవిడ తన గేటు దగ్గర నిలబడి, "బాబూ, ఇక్కడో పిట్ట పడుకుంటాది. లైటు కూసింత తగ్గించు నాయనా," అన్నారు. మర్నాటి నుంచి తగ్గించేవాడు. నిజం చెప్పొద్దూ, నాకు ఒళ్ళు మండింది.

ఆ తరవాత ఉరిమినా, పిల్లి దూకినా పిట్ట బెదిరేది. గోడ దగ్గరికి పరుగెత్తి మామ్మగారిని పిలిచేదాన్ని. కొన్నాళ్ళకి ఆవిడ నన్నే కూర్చోబెట్టి, తాను వెనక నిలబడటం మొదలుపెట్టారు.

"నేనెన్నాళ్ళు వత్తాను? నీ గొంతు దానికి అలవాటవ్వాల. ఆ బస్సు లైటులాగ నువ్వూ కూసింత డిమ్ము సెయ్యమ్మా."

ఆవిడ పోయిన రాత్రి, రాంబిల్లి నుంచి వచ్చిన ఆవిడ చెల్లెళ్ళ ఏడుపుకి పిట్ట ఉలిక్కిపడి లేచింది. మానిన రెక్కే మళ్ళీ కమ్మీలకి కొట్టుకుంటోంది. పిలుద్దామంటే గోడవతల ఆవిడ లేరు. చిన్న బల్బు వేసి నేలమీద కూర్చున్నాను.

"ఏటీ లేదు, నేనే. ఈయేళ వంకాయలన్నీ పుచ్చులే," అన్నాను. నా గొంతు పెరగలేదు. పిట్ట నా వైపే చాలాసేపు చూసింది. తురాయి దించి కర్ర ఎక్కి, ముక్కు వీపు ఈకల్లో దూర్చుకుంది. మీరు నేర్పింది నాకు వచ్చేసింది మామ్మగారూ. ఇక ఈ పిట్టకి భయం లేదు.

అప్పుడే బస్సు వచ్చింది. డ్రైవరుకి ఇంకా కబురు తెలియదు. ఎప్పటిలాగే లైట్లు తగ్గించుకుని, మామ్మగారి గేటు ముందు మెల్లగా మలుపు తిరిగాడు.