శనివారం రోడ్డు దాటే జింకలు

2023 చలికాలం. ఐర్లండ్‌లో నేవన్ ఊరికి పడమరగా, కారులో అరగంట దూరంలో ఒక పెద్ద బురద నేల ఉంది. ఇలాంటి నేలను ఇక్కడ బాగ్ అంటారు. వేల ఏళ్లుగా నాచు కుళ్లీ కుళ్లకుండా పేరుకుపోయి నల్లగా, మెత్తగా తయారైన నేల అది. అడుగు వేస్తే చుట్టూ రెండు గజాల మేర మంచం మీద పరుపులా కదులుతుంది. అది ప్రభుత్వ భూమి. పర్మిట్ ఉన్న వేట క్లబ్ సభ్యులు చలికాలం నెలల్లో అక్కడ జింకలను వేటాడవచ్చు. ఆ జింకలు పగటిపూట ఎక్కడ పడుకుంటున్నాయో వెతికి మ్యాప్ మీద గుర్తించే పని ఆ భూమిని చూసుకునే ప్రభుత్వ శాఖ నాకు అప్పగించింది.

వెతకడాన్ని స్కౌటింగ్ అంటారు. జింకలు పడుకునే చోటు బెడ్డింగ్ ఏరియా. జువాలజీ చదువుకుని ఐర్లండ్ వచ్చిన తెలుగు ఆడమనిషి జింకల పడకలు వెతుక్కుంటూ బురదలో తిరుగుతుందంటే మనవాళ్లు నవ్వుతారు. ఆ తర్వాత జింకను చంపడానికి సాయం చేయడం పాపం కాదా అని అడుగుతారు. చేతిలో చికెన్ బిర్యానీ ప్లేటుతో ఈ ప్రశ్న అడిగినవాళ్లు నాకు చాలామంది తెలుసు. ఈ దేశంలో తోడేళ్లను మనిషి ఏనాడో తుడిచిపెట్టాడు. జింకను తినే జంతువు మిగల్లేదు. జింకలు పెరిగిపోతే నాటిన మొక్క చెట్టు కాదు, రోడ్డు మీద కారు క్షేమంగా పోదు. తోడేలు చేసే పని ఎవరో ఒకరు చేయాలి. అది లెక్క ప్రకారం జరగాలి. నా పని ఆ లెక్కలో మొదటి భాగం.

జింక పడుకున్న చోటు చూడగానే తెలుస్తుంది. తుంగగడ్డి కోడిగుడ్డు ఆకారంలో అణిగి ఉంటుంది. అందులో బూడిద రంగు వెంట్రుకలు నాలుగైనా ఉంటాయి, దగ్గర్లో పెంటికలుంటాయి. అరచేయి ఆనిస్తే, అప్పుడే లేచి వెళ్లిన పడక ఇంకా వెచ్చగా తగులుతుంది. ఒక చోట పాత పడకల మీద కొత్త పడకలు పడి ఉంటే అది రోజూ వాడే చోటు. జింక ఎక్కడపడితే అక్కడ పడుకోదు. గాలికి వీపు పెట్టి, ముందున్న మైదానాన్ని చూస్తూ పడుకుంటుంది. వెనక నుంచి వచ్చేవాణ్ణి ముక్కు పట్టిస్తుంది, ముందు నుంచి వచ్చేవాణ్ణి కన్ను పట్టిస్తుంది.

క్లబ్ తరఫున నాకు దారి చూపిన పెద్దాయన టామ్. పాల కేంద్రంలో లారీ నడిపి రిటైరయ్యాడు. బాగ్ నడుమ బర్చ్ చెట్లున్న ఎత్తైన దిబ్బ ఒకటి ఉంది. జింకలు అక్కడే పడుకుంటాయని ఆయన నమ్మకం.

“ముప్పై ఏళ్లుగా చూస్తున్నా. జింకకి పొడి నేల కావాలి. ఈ బాగ్‌లో పొడి నేలంటే ఆ దిబ్బొక్కటే. మ్యాప్ మీద చుక్క పెట్టేసి ఇంటికెళ్లి టీ తాగండి, గ్రాండ్‌గా ఉంటుంది,” అన్నాడు.

“చుక్క పెట్టాలంటే జింక కనబడాలి కదా టామ్.”

“కనబడవు. అవి మహా తెలివైనవి. కనబడట్లేదంటేనే అక్కడున్నాయని.”

కనబడకపోవడమే ఉనికికి రుజువన్న వాదం చిన్నప్పటి నుంచి దేవుళ్ల విషయంలో విన్నాను. జింకల విషయంలో వినడం అదే మొదటిసారి. అయినా ఆయనతో ఆ దిబ్బకు చాలాసార్లు వెళ్లాను. ప్రతిసారీ రోడ్డు పక్క లే-బైలో, అంటే కార్లు ఆపుకోవడానికి వదిలిన కంకర జాగాలో కారు ఆపి, క్లబ్ వాళ్లు నడిచే దారిలోనే లోపలికి నడిచాం. దిబ్బ మీద పడకలు ఉన్నాయి. అన్నీ పాతవే, చల్లగా ఉన్నాయి. అణిగిన గడ్డి మళ్లీ లేచి నిలబడుతోంది. జింకలు ఒకప్పుడు అక్కడ పడుకునేవి. ఇప్పుడు లేవు. ఎక్కడికి వెళ్లాయో తెలియదు.

ఇదే సమయంలో నేవన్‌లో మా కాలనీలో ఇంకో సంగతి నడుస్తోంది. మా ఇంటికి నాలుగిళ్ల అవతల సుజాత ఉంటుంది. గుంటూరు వైపు అమ్మాయి. ఆ బాగ్ రోడ్డుకు ఆవలి ఊళ్లో వృద్ధుల నర్సింగ్ హోమ్‌లో నర్సు. అక్కడ ఒక ముసలమ్మ సుజాత తప్ప ఎవరు దువ్వెన పట్టుకున్నా తల తిప్పేసుకుంటుంది. ఆ ఉద్యోగమంటే సుజాతకు ప్రాణం. కానీ అంతకుముందు చలికాలంలో డ్యూటీకి వెళుతుంటే ఒకే వంపులో రెండుసార్లు జింకలు అడ్డం వచ్చాయి. మొదటిసారి కారు అద్దం పోయింది. రెండోసారి కారే కాలవలో పడింది. దెబ్బలు తగల్లేదు గానీ ధైర్యం పోయింది.

ఒక సాయంత్రం నేను వెళ్లేసరికి వాళ్లింట్లో రమణ గారు కూర్చుని ఉన్నారు. ఎదురింటాయన, కరీంనగర్ మనిషి, లెపర్డ్స్‌టౌన్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం.

“రెండుసార్లూ శనారమే మేడమ్,” అన్నారాయన. “ఊకెనే అయితదా? శనారం పొద్దుగాల ఆ తొవ్వల పోవద్దని సిస్టర్‌కు ఎప్పుడో చెప్పిన. నువ్వుల నూనె దీపం పెడితె అన్ని సర్దుకుంటయి.”

“మాకు దీపాలవీ ఉండవు కదన్నా,” అంది సుజాత.

క్రీస్తును నమ్మే సుజాత శని దేవుణ్ణి నమ్మదు. కానీ శనివారాన్ని నమ్మింది. ఈసారి చలికాలం మొదలవగానే శనివారం డ్యూటీలు చేయనని చెప్పేసింది. ఒక్క మనిషి కోసం రోస్టర్ మార్చలేనని మేనేజరు చెప్పింది. ఆమె భర్త శనివారం తెల్లవారుజామున గోడౌన్ డ్యూటీలో ఉంటాడు, దింపే వీలు లేదు. క్రిస్మస్‌కల్లా ఉద్యోగం మానేయాలని అప్పటికే అనుకుంది.

“రమణ గారూ, వారాలు మనుషులు పెట్టుకున్నవి,” అన్నాను. “జింకలకి క్యాలెండర్ ఉండదు. చలికాలంలో చీకటి ఉండగా జింకలు మేత నుంచి తిరిగొస్తాయి. సోమవారమైనా అంతే, శనివారమైనా అంతే.”

“మీరు చదువుకున్నోళ్లు మేడమ్. రెండు దెబ్బలూ శనారమే ఎందుకు తగిలినయో గది కూడ మీరే చెప్పుండ్రి.”

“యాదృచ్ఛికం,” అన్నాను.

ఆయన నవ్వి ఊరుకున్నారు. గెలిచానని అనుకున్నాను. సుజాత ముఖం మాత్రం మారలేదు. పక్క గదిలో హోంవర్క్ చేసుకుంటున్న కూతురు ఐరిష్ యాసలో, “మామ్, ఇట్స్ ఓన్లీ డీర్,” అని అరిచింది.

తర్వాత ఒక శనివారం క్లబ్ వాళ్లతో కలిసి లోపలికి వెళ్లాలనుకున్నాను. ఇంకా చీకటిగానే ఉంది. లే-బైలో జీపులు వరసగా వచ్చి ఆగాయి. తలుపులు ధనధనా మోగాయి. వాసన పట్టే కుక్కలను దించారు. అవి అటూ ఇటూ పరిగెత్తాయి. నేను రబ్బరు బూటు తొడుక్కుంటుంటే మడమ దగ్గర చీలిపోయింది. మీరు పదండి, వేరే జత వేసుకుని వస్తానన్నాను. వాళ్ల టార్చి లైట్లు దిబ్బ వైపు సాగిపోయాయి.

కారులో కూర్చుని తడిసిన మేజోళ్లు విప్పుతూ అద్దంలోకి చూశాను. వెనక లే-బైకీ రోడ్డుకీ ఆనుకుని విల్లో పొదలూ తుంగా కలిసిన సన్నటి తడి జాగా ఉంది. మోకాలి లోతు నీళ్లు. దాన్ని ఎవరూ అడవిలో భాగంగా లెక్కపెట్టరు. చిప్స్ కవర్లు గాలికి ఎగిరి అందులో పడుతుంటాయి. అప్పుడప్పుడే వస్తున్న మసక వెలుతురులో ఆ పొదల్లోంచి ఒక ఆడ జింక బయటికొచ్చింది. దాని వెనక ఇంకొకటి, తర్వాత ఒక పిల్ల. తల వంచుకుని, తొందర లేకుండా, అలవాటైన దారిలో వెళ్లినట్టు రోడ్డు దాటి అవతల స్ప్రూస్ చెట్ల తోటలోకి వెళ్లిపోయాయి. అవి దాటిన చోటే ఆ వంపు. అది శనివారం.

బాపట్లలో మా నాన్న స్కూలు మాస్టారు. ఆదివారాలు మా వసారాలో చర్చలు పెట్టేవారు. దెయ్యాన్ని చూశానన్నవాళ్లనూ, దేవుడు కలలో కనబడ్డాడన్నవాళ్లనూ వెక్కిరించనిచ్చేవారు కాదు. అందరినీ ఒకటే అడిగేవారు: “నువ్వు చూసిందెంత, అనుకున్నదెంత? రెండూ విడదీసి చెప్పు.” రమణ గారు చూసింది రెండు ప్రమాదాలూ శనివారమే జరిగాయని. అది నిజం. శనిగ్రహం చేయించిందన్నది ఆయన అనుకున్నది. అది అబద్ధం. నేను ఆ అబద్ధాన్ని తోసేస్తూ దానితోపాటు నిజాన్ని కూడా తోసేశాను. యాదృచ్ఛికం అన్న మాట కూడా ఒక్కోసారి దీపం పెట్టడం లాంటిదే. ఆ మాట అనేశాక ఇక వెతకనక్కర్లేదు.

ఒక్కసారి కంటితో చూస్తే రుజువు కాదు. పొదల అంచున ట్రయల్ కెమెరాలు కట్టాను. ఏదైనా కదిలితే తమంతట తామే ఫొటో తీసే చిన్న పెట్టెలవి. వారాల తరబడి చూశాను. మామూలు రోజుల్లో ఒక కారు ఆగినా, ఎవరైనా కుక్కను తిప్పుతూ పోయినా జింకలు కదల్లేదు. శనివారం జీపుల గుంపు వచ్చి కుక్కలు దిగగానే లేచి రోడ్డు దాటాయి. మనుషులు లోతుకు వెళ్లిపోయాక, మధ్యాహ్నానికల్లా అదే చోటుకు తిరిగొచ్చాయి. తర్వాత ఒక బుధవారం ఎదురుగాలిలో, లే-బైకి అవతలి వైపు నుంచి నడిచి ఆ పొదల్లోకి వెళ్లాను. నీళ్ల మధ్య చాప వెడల్పు గడ్డి గుబుర్ల మీద పడకలు ఉన్నాయి. చేయి ఆనించాను. వెచ్చగా ఉన్నాయి. గాలి లే-బై మీదుగా వాటి వీపుకు తగులుతోంది. వేటగాడు కారు తలుపు తీసిన క్షణంలోనే వాటికి కబురు అందుతోంది.

ఈ తర్కం సులభమే. క్లబ్ వాళ్లందరూ పనులున్నవాళ్లు, ఆదివారం చర్చి, ఆ తర్వాత ఫుట్‌బాల్. వేటకు మిగిలింది శనివారమే. జింకలకు క్యాలెండర్ లేదు. వేటగాళ్లకు ఉంది.

సుజాతను మళ్లీ అడిగాను. “ఆ రెండు రోజులూ లే-బైలో జీపులున్నాయా?”

“ఉన్నాయక్కా. కాలవలోంచి నన్ను లాగింది వాళ్లేగా. తెల్లజుట్టు పెద్దాయన తాడు కట్టాడు. పోలీసులు వచ్చేదాకా నా పక్కనే ఉండి ఫ్లాస్కులో టీ ఇచ్చాడు. నా కోసమే దేవుడు వాళ్లని అక్కడ పెట్టాడని మా చర్చి ఫెలోషిప్‌లో అందరూ అన్నారు.”

“ఆ జింకల్ని లేపింది కూడా వాళ్లే సుజాతా.”

“అంటే నా మీద ఏం లేదన్నమాట,” అంది. అంతవరకు ఆమెను తినేస్తున్నదేమిటో ఆ ఒక్క మాటతో అర్థమైంది. ఆమెకు జింక అంటే భయం లేదు. తన మీద ఏదో శాపం ఉందని భయపడింది.

తాడు కట్టిన తెల్లజుట్టు పెద్దాయన టామ్. ఫొటోలు చూపిస్తే ఆయన కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ పెట్టుకున్నాడు.

“నా జీపు వెనకాలా?”

“మీ జీపు వెనకాలే.”

“ముప్పై ఏళ్లు వాటి పక్కన కారు పెట్టి, వాటి కోసం మైలు నడిచానా?”

“నేను కూడా నడిచాను టామ్.”

“మీరు కొన్నిసార్లే నడిచారు,” అన్నాడు. ఫొటోలు మళ్లీ చూస్తూ, “ఆ నర్సు అమ్మాయిని కాలవలోకి తోసింది మేమేనన్నమాట,” అన్నాడు.

మ్యాప్ ఆ శాఖకు ఇచ్చాను. జీపులు బాగ్‌కు అవతలి చివర, పీట్ అనే ఆ నల్లమట్టిని తవ్వేవాళ్ల పాత గేటు దగ్గర ఆపాలని, కుక్కలను తాళ్లతోనే దించాలని పర్మిట్‌లో షరతు చేరింది. జింకలు పొదల్లో ప్రశాంతంగా పడుకుంటున్నాయి. వేటగాళ్లు ఇప్పుడు ఎదురుగాలిలో వచ్చి, రోడ్డుకు దూరంగా మేత దారిలో కాపు కాస్తున్నారు, అంతకు ముందు కంటే ఎక్కువ జింకలను కొడుతున్నారు. ఇందులో జింకలకు లాభం ఏమిటని అడగవచ్చు. లేదు. నా పని జింకలకు న్యాయం చేయడం కాదు. ఆ ముక్క దాచి రాస్తే అబద్ధమవుతుంది.

సుజాత ఉద్యోగం మానలేదు. మొదటి శనివారం నేను పక్కన కూర్చున్నాను. వంపు దగ్గర ఆమె వేగం తగ్గించింది. ఖాళీ లే-బై దాటాక గేరు మార్చింది, అంతే. రెండో శనివారం నుంచి ఒక్కతే వెళ్లింది. ఫెలోషిప్‌లో సాక్ష్యం చెబుతూ, “దేవునికి స్తోత్రం. జీపులు అవతలి గేటుకి మార్పించిన అక్కకి కూడా,” అంది. ఆ రోజు నన్నూ పిలిచింది, వెనక వరసలో కూర్చుని విన్నాను. రెండో వాక్యం నాకు చాలు. మొదటి వాక్యం మీద మాకు వాదన ఇంకా ఉంది. రమణ గారు మాత్రం శనివారమేనని మొదట చెప్పింది తానేనని ఇప్పటికీ అంటారు. అది నిజమే కాబట్టి ఒప్పుకుంటాను.

ఆ తర్వాతి చలికాలం ఒక ఉదయం టామ్ ఫోన్ చేశాడు. క్లబ్‌లో కొత్తగా చేరిన కుర్రాడెవరో తెలియక లే-బైలో జీపు ఆపాడట. వెనకే ఒక చిన్న కారు ఆగిందట. నర్సు యూనిఫాం మీద కోటు వేసుకున్న ఆడమనిషి దిగి వచ్చి కిటికీ తట్టిందట.

“ఇక్కడ ఆపకండి. మీ గేటు అటువైపు. కుక్కని దించకుండా అలాగే వెళ్లండి.”

“మీరు క్లబ్ మనుషులా?” అన్నాడట వాడు.

“కాదు. శనివారం డ్యూటీ నాది.”

వాడు బండి తిప్పుకుని వెళ్లాడని చెప్పి టామ్ నవ్వాడు. ఇప్పుడు ఏ కొత్త బాగ్‌కు వెళ్లినా లోపలికి అడుగు పెట్టే ముందు నేను చేసే పని ఒకటుంది. వెనక్కి తిరిగి, కార్లు ఆగే చోటు చూస్తాను. ఆ దారిన రోజూ పోయేవాళ్లను ఆపి, వాళ్లేం చూశారో, ఏ వారం చూశారో అడుగుతాను. ఎందుకు జరిగిందనుకుంటున్నారో చెబితే అదీ వింటాను. విని, రెండూ విడదీసి రాసుకుంటాను.