నా కిడ్నీలూ, వీపు మీద నీళ్ల తిత్తీ

ఆ శనివారం ఓడెన్‌వాల్డ్ కొండ దిగుతుండగా నా రెండు పిక్కలూ ఒక్కసారే పట్టేశాయి. లోపల ఎవరో తాడు మెలిపెట్టినట్టు నొప్పి. దారి పక్కన రాయి మీద కూలబడ్డాను. నాలుక అంగిటికి అంటుకుపోయింది. గాలి లేదు, అయినా చెట్లన్నీ అటూ ఇటూ ఊగుతున్నట్టు కనిపించాయి. జర్మనీలో ఎండ ఉండదని మనవాళ్లు అనుకుంటారు. జూలైలో వచ్చి చూస్తే తెలుస్తుంది.

నేను డార్మ్‌స్టాట్‌లో మా అమ్మాయి కరుణ దగ్గర ఉంటాను. కరుణ, మా అల్లుడు సుధాకర్, ఇద్దరివీ కంప్యూటర్ ఉద్యోగాలు. సెలవు దొరికితే కొండలకు పోతారు. అమ్మాయి నడుస్తుంది, అల్లుడు లావు టైర్ల సైకిలు మీద రాళ్ల దారుల్లో పోతాడు. వాళ్లతో నేనూ నడుస్తాను. ఇంట్లో కిటికీ దగ్గర కూర్చోమంటే నాకు పిచ్చెక్కుతుంది. ఈ దేశంలో నాకు భాష రాదు, బస్సు తెలియదు. నడక మాత్రం వచ్చు.

కరుణ పరుగెత్తుకొచ్చింది. "అమ్మా, నీళ్లు తాగావా?"

"తాగాను."

"సీసా నిండుగానే ఉందిగా!"

నిజమే, తాగలేదు. కారణం ఇప్పుడు రాస్తున్నాను, సిగ్గుపడి లాభం లేదు. నీళ్లు తాగితే ఒంటికి పోవాలి. అడవిలో బాత్రూమ్ ఉండదు. చెట్టు చాటుకు పోదామంటే అల్లుడు అక్కడే ఉంటాడు. "బాబూ, కాస్త ఆగండి, నేను ఒంటికి పోవాలి" అని అల్లుడితో ఏ అత్తగారు అంటుంది? నేను అనలేదు. పొద్దున బయల్దేరింది మొదలు పెదవులు తడుపుకుని ఊరుకునేదాన్ని. నాకు ఇది కొత్త కాదు. చీరాల పక్కన పొగాకు గ్రేడింగులో పని చేసిన రోజుల్లో ఆడవాళ్లం సాయంత్రం దాకా నీళ్లు ముట్టేవాళ్లం కాదు. లేచి పోవడానికి చోటు ఉంటే కదా. చదువు యాభై దాటాక చర్చిలో నేర్చుకున్నాను గాని, నీళ్లు మానుకోవడం చిన్నప్పుడే నేర్చుకున్నాను.

ఇంటికొచ్చాక వాంతి అయింది. ఒంటికి పోతే కాస్తంతే వచ్చింది, అదీ కాఫీ డికాక్షన్ రంగులో. మర్నాడు అది కూడా రాలేదు. మొహం ఉబ్బింది. కరుణని వంటింట్లోకి పిలిచి చెప్పాను. "ఆయనకి చెప్పకు" అన్నాను కూడా.

సోమవారం పొద్దున కరుణ మా హౌస్‌ఆర్ట్స్‌కి, అంటే ఇక్కడి ఫ్యామిలీ డాక్టరుకి, ఫోన్ చేసింది. అల్లుడు షూ లేసులు కట్టుకుంటూ అడిగాడు. "అపాయింట్‌మెంట్ దొరికిందా?"

"గురువారం ఇస్తామంటున్నారు."

"యూరిన్ ఆగిపోయిన మనిషి గురువారం దాకా కూర్చుంటుందా? పదండి అత్తయ్యా, సరాసరి ఎమర్జెన్సీకే."

కరుణ చెప్పేసిందన్నమాట. కారులో నేను కిటికీ వైపు తిరిగి కూర్చున్నాను.

ఆస్పత్రిలో రక్తం తీశారు. అల్ట్రాసౌండ్ చేశారు. రాళ్లు లేవన్నారు. ఒంటికి పోయే దారిలో సన్న గొట్టం, క్యాథెటరంటారు, అది వేశారు. కిడ్నీ డాక్టరమ్మ వచ్చింది, పొడుగు మనిషి, ఇంగ్లీషులో నిదానంగా మాట్లాడుతుంది. కరుణ నాకు తెలుగులో చెప్పింది. "క్రియాటినిన్, అంటే కిడ్నీలు బయటికి పంపాల్సిన మలినం, రక్తంలో చాలా పెరిగింది. కిడ్నీలకి ఉన్నట్టుండి దెబ్బ తగిలింది, దీన్ని అక్యూట్ కిడ్నీ ఇంజరీ అంటారు."

తర్వాత ఏ మందులు వాడతారని డాక్టరమ్మ అడిగింది. బీపీ మాత్ర చూపించాం. అందులోనే వాటర్ టాబ్లెట్ కూడా కలిసి ఉందట, నాకు తెలియదు. ఇంకేమైనా అంది. మోకాళ్లకి ఐబుప్రొఫేన్ అన్నాను. కొండెక్కే ముందు ఒకటి, దిగాక ఒకటి, ఎక్కువ నొప్పైతే మధ్యలో ఇంకొకటి.

"ఎవరు రాసిచ్చారు?"

"ఎవరూ రాయలేదు. షాపులో అమ్ముతారుగా."

డాక్టరమ్మ పెన్ను జేబులో పెట్టుకుని నా వైపే చూస్తూ చెప్పింది. "ఒంట్లో నీళ్లు లేవు. ఉన్న నీళ్లను ఒక మాత్ర బయటికి తోసింది. ఇంకో మాత్ర కిడ్నీకి పోయే రక్తాన్ని తగ్గించింది. మూడూ ఒకే రోజు పడ్డాయి. ఫ్లూయిడ్స్ ఎక్కించి చూద్దాం. యూరిన్ మొదలవకపోతే డయాలసిస్ గురించి మాట్లాడాలి."

డయాలసిస్ అనే మాట కరుణ తెలుగులోకి మార్చలేదు. మార్చనక్కర్లేదు. మా వీధిలో మరియమ్మక్క వారం వారం దాని కోసం ఒంగోలు బస్సెక్కడం నేను చూశాను. బస్సు దిగి ఇంటికి నడవడానికి కూడా ఆమెకి ఓపిక ఉండేది కాదు. నేనూ అలా అయిపోతానా? కొండల మాట అటుంచి, గుమ్మం దాటగలనా? ఆ మాటే తలలో తిరిగింది. చేతికి సెలైన్, మంచం పక్కన యూరిన్ బ్యాగు. ఆ బ్యాగులో అడుగున కాస్త ముదురు రంగు నీళ్లు, అంతే. అది నిండితే నేను బాగుపడతాను, లేకపోతే లేదు. నర్సు వచ్చినప్పుడల్లా బ్యాగు చూసి "త్రింకెన్, త్రింకెన్" అనేది, తాగు తాగు అని.

కరుణకి ఆఫీసు ఉన్న రోజు అల్లుడు ఒక్కడే వచ్చాడు. నేను గబగబా దుప్పటి అంచు కిందికి లాగి బ్యాగు మీద కప్పాను. అతను దుప్పటి ఎత్తి, మోకాళ్ల మీద కూర్చుని మరీ చూశాడు.

"అత్తయ్యా! నిన్న ఇంత లేదు. సగం దాటింది! రంగు కూడా తేలింది చూశారా?"

"నేనెందుకు చూస్తాను బాబూ, మీరు లేవండి."

లేవలేదు. అక్కణ్ణుంచే ఫోన్ చేశాడు. "కరుణా, వచ్చింది! అమ్మకి బాగా వచ్చింది!" వార్డంతా వినేట్టు అరిచాడు. పక్క మంచం జర్మన్ ముసలావిడ ఏమైందని అడిగితే ఆవిడకీ జర్మన్‌లో చెప్పాడు. ఆవిడ చప్పట్లు కొట్టింది. నేను చెంగు మొహం మీదికి లాక్కున్నాను. లోపల నవ్వాగలేదు. నవ్వితే క్యాథెటర్ లాగినట్టయి, నొప్పితో ఇంకా నవ్వొచ్చింది. పెళ్లై అమ్మాయిని తీసుకెళ్లిన రోజు కూడా అల్లుడి మొహంలో అంత సంతోషం నేను చూడలేదు.

క్రియాటినిన్ మెల్లగా దిగింది. డయాలసిస్ మాట మళ్లీ రాలేదు. ఇంటికి పంపే రోజు డాక్టరమ్మ అంది. "మీ కిడ్నీలు తిరిగొచ్చాయి. కాని వీటికి దెబ్బ తగిలిందని గుర్తుంచుకోండి. ఇంకోసారి ఇలా ఎండబెడితే అప్పుడు తిరిగి రాకపోవచ్చు."

"నడవొచ్చా?" అన్నాను. నాకు కావలసింది అదే.

"నడవండి. తాగుతూ నడవండి. ఒకేసారి గటగటా కాదు, కొంచెం కొంచెం, దారంతా."

బీపీ మాత్ర మార్చింది. ఐబుప్రొఫేన్ మానిపించింది. మోకాళ్లకి చేతికర్రలు వాడమంది, రాసుకునే జెల్ కూడా అడక్కుండా కొనొద్దంది.

ఇంటికొచ్చాక అల్లుడు ఒక బ్యాగు కొని తెచ్చాడు. అతను సైకిలు తొక్కేటప్పుడు వీపుకి తగిలించుకునేలాంటిదే, కాస్త చిన్నది. లోపల ప్లాస్టిక్ తిత్తి, దాంట్లో నీళ్లు పోస్తారు. తిత్తి నుంచి సన్న గొట్టం భుజం మీదుగా నోటి దగ్గరికి వస్తుంది. కొస కొరికి పీలిస్తే నీళ్లు వస్తాయి. ఆగక్కర్లేదు, సీసా మూత తియ్యక్కర్లేదు.

"ఇదేంటి, సెలైన్ నడిచి నడిచి ఇంటికొచ్చిందా?" అన్నాను.

"సెలైన్‌కి సూది ఉంటుంది అత్తయ్యా, దీనికి లేదు. కొరకండి."

"ఈ వయసులో పాలపీక చప్పరించమంటారా?" చెంబు ఎత్తి గొంతులో పోసుకోవడం నా అలవాటు. నోరు పెట్టి తాగితే ఎంగిలి. కరుణ కలగజేసుకుంది. "నీ గొట్టం నువ్వే తాగుతావు. ఎవరికి ఎంగిలి?" గొట్టం కొస కడిగి నోట్లో పెట్టుకున్నాను.

అసలు సంగతి అల్లుడే ఎత్తాడు. అన్నం తింటూ, పప్పు వడ్డించుకుంటూ, మామూలుగా అన్నాడు. "నా ముందు ఆగమని చెప్పలేకే నీళ్లు తాగలేదంట. కరుణ చెప్పింది. బ్యాగుకి ఛాతీ మీద బకిల్ ఉంది చూడండి, అందులో ఈల ఉంది. నేను సైకిలు మీద ముందుకెళ్లి మలుపు దాటి నిలబడతా. మీ పని అయ్యాక ఈల ఊదండి. వెనక్కొస్తా."

"ఊదకపోతే?"

"రాత్రి దాకా అక్కడే ఉంటా. చలేసి చస్తా. పాపం మీకే."

అలా ఒప్పుకున్నాను. మొదటిసారి ఈల ఊదినప్పుడు చెవులు కాలిపోయాయి. రెండోసారి ఏమీ అనిపించలేదు.

ఇక్కడితో కథ అయిపోతే బాగుండేది. నా తెలివి నన్ను ఊరుకోనివ్వలేదు. వట్టి నీళ్లు చప్పగా ఉన్నాయని, ఎండకి మజ్జిగ అయితే చలవ చేస్తుందని, ఒకరోజు తిత్తిలో పల్చటి మజ్జిగ పోశాను. ఉప్పు, అల్లం, కరివేపాకు వేసి వడకట్టాను. ఎవరితోనూ చెప్పలేదు. కొండ మీద ఎంత హాయిగా ఉందో చెప్పలేను. ఒకసారి కరివేపాకు ముక్క కొసలో ఇరుక్కుంటే ఊదేశాను. ఇంటికొచ్చి తిత్తిని నీళ్లతో తొలిచి, మడిచి బీరువాలో పెట్టాను.

తర్వాతి నడకకి మంచినీళ్లే పోశాను. కాస్త పులిసిన వాసన వచ్చింది. ప్లాస్టిక్ వాసనలే అనుకుని తాగాను. మర్నాటికి వాంతులు, విరేచనాలు. నీళ్లు తాగితే నీళ్లే పైకి వచ్చేశాయి. మళ్లీ అదే ఆస్పత్రి, మళ్లీ సెలైన్. క్రియాటినిన్ మళ్లీ పైకి.

డాక్టరమ్మ వచ్చింది. "ఈసారి ఏం తిన్నారు?" కరుణ తెలుగులో అడిగితే మజ్జిగ సంగతి చెప్పక తప్పలేదు. కరుణ ఇంగ్లీషులో చెప్పింది. "బటర్‌మిల్క్? గొట్టంలో?" అని డాక్టరమ్మ రెండుసార్లు అడిగింది. నవ్వలేదు. "మీ కిడ్నీలకి ఇంకో దెబ్బ తట్టుకునే బలం ఉందో లేదో రేపటి రక్తంలో చూస్తాను" అంది. ఆ రోజంతా నేను ప్రార్థన చేశాను. దేవుణ్ణి బతిమాలుకున్నాను, బేరాలు ఆడలేదు. ఆడటానికి నా దగ్గరేముంది?

ఆ సాయంత్రం అల్లుడు గొట్టాన్ని నిలువునా కోసి, ఫోటో తీసి తెచ్చాడు. లోపల తెల్లగా పేరుకుని, దాని మీద నల్లటి బూజు.

"ఇది గొట్టం కాదు అత్తయ్యా, పెరుగు చట్టి."

"మజ్జిగ పోయకూడదని మీరు చెప్పలేదుగా!"

"తయారుచేసినవాడికే తట్టి ఉండదు, నాకెలా తడుతుంది?"

మర్నాడు రక్తం ఫలితం వచ్చింది. క్రియాటినిన్ దిగుతోంది. డాక్టరమ్మ తలుపు దగ్గరే నిలబడి బొటనవేలు పైకెత్తింది. కరుణ నా చెయ్యి పట్టుకుని ఏడ్చింది. నేను ఏడవలేదు. ఆకలేస్తోందన్నాను.

ఇప్పుడు నేను బాగున్నాను. మొన్న రక్తపరీక్షలో కిడ్నీలు నిలకడగా ఉన్నాయన్నారు. ఆరు నెలల తర్వాత రమ్మన్నారు. అంత దూరం గడువు ఇచ్చారంటే ఎంత నిమ్మళమో, ఆస్పత్రి మంచం ఎక్కిన వాళ్లకే తెలుస్తుంది. కొత్త తిత్తిలో నీళ్లు తప్ప ఏమీ పోయను. నడిచొచ్చిన రోజే వేడినీళ్లు, సబ్బుతో కడుగుతాను, గొట్టంలోకి సన్న బ్రష్ దూర్చి తోముతాను, మూత తెరిచి బాత్రూమ్ కడ్డీకి తలకిందులుగా వేలాడదీస్తాను. చుక్క లేకుండా ఆరాకే లోపల పెడతాను. ఒంటికి పోయినప్పుడు రంగు చూసుకుంటాను, పల్చటి నిమ్మరసంలా ఉండాలి. వాంతులో విరేచనాలో పట్టుకుంటే బీపీ మాత్ర వేసుకోవాలో మానాలో ఆ రోజే ఫోన్ చేసి అడగమన్నారు. ఎంత తాగాలో అందరికీ ఒకటే లెక్క కాదు. గుండె జబ్బు, పాత కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లు డాక్టర్ని అడిగే తాగాలి.

పోయిన నెలలో, ఆదివారం ప్రార్థనకి కలిసే మా తెలుగు సహవాసం వాళ్లందరం కలిసి కొండకి పోయాం. ఊరి నుంచి చూడ్డానికొచ్చిన తల్లులూ అత్తలూ ఉన్నారు. సగం దారికి చూస్తే వాళ్ల సీసాలన్నీ నిండుగానే ఉన్నాయి. పెదవులు ఎండిపోయాయి. పక్కన నడిచే ఆవిడని అడిగాను. "ఏం వదినా, తాగవేం?"

ఆవిడ ముందున్న కొడుకునీ కోడలి తండ్రినీ కళ్లతో చూపించి, "ఎందుకులే వదినా, ఇంటికెళ్లాక తాగుదాం" అంది మెల్లగా.

నేను దారి మధ్యలో ఆగిపోయాను. గట్టిగా అన్నాను. "అబ్బాయిలూ, అన్నయ్యలూ, మగవాళ్లంతా ఆ మలుపు దాటి నిలబడండి. మేం ఒంటికి పోవాలి. పిలిచినప్పుడు రండి."

మగవాళ్లంతా తలలొంచుకుని నడిచారు. మా అల్లుడొక్కడే నవ్వుకుంటూ సైకిలు నెట్టుకుపోయాడు. వాళ్లు మలుపు తిరిగారో లేదో, నా వెనక సీసాల మూతలు ఒకటొకటే ఊడదీస్తున్న చప్పుడు వినిపించింది.

ఇది చదివే ఆడవాళ్లకి నేను చెప్పేది ఒకటే. ఏ బ్యాగు కొనుక్కున్నా మీ ఇష్టం. కొండకి బయల్దేరే ముందు, ఇంటి దగ్గరే, మీతో వచ్చేవాళ్లకి చెప్పెయ్యండి, దారిలో మేం ఆగుతాం అని. ఆ ఒక్క మాట అయ్యాక నీళ్లు హాయిగా గొంతు దిగుతాయి.